చెక్ ఇంజిన్ లైటు వెలిగితే: సెన్సరు లోపాన్ని వరుసగా వెతికి సరిచేసుకునే పద్ధతి

బెంగళూరులో కారు నడుపుతున్న తెలుగువారి నుంచి వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటున్నాయి. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, షెడ్డులో స్కానర్ పెట్టి ఫలానా సెన్సరు పోయిందన్నారు, డబ్బు పెట్టి కొత్తది వేయించాం, వారం తిరక్కుండా అదే లైటు మళ్లీ వెలిగింది, ఇప్పుడేం చేయాలి అని అడుగుతున్నారు.

స్కానర్ చూపించే కోడ్ సెన్సరు పోయిందని చెప్పదు. ఆ సెన్సరు ఉన్న సర్క్యూట్ నుంచి ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరుకు) చేరుతున్న సంకేతం నమ్మదగినట్టు లేదని మాత్రమే చెబుతుంది. తప్పు సెన్సరులో ఉండవచ్చు, కనెక్టరులో ఉండవచ్చు, వైరులోనో ఎర్త్‌లోనో ఉండవచ్చు. సెన్సరు నిజమే చెబుతూ ఉండి, అది కొలుస్తున్న ఇంజిన్‌లోనే తేడా ఉండటమూ మామూలే. వీటిలో ఏది నిజమో తేల్చుకున్నాకే కొత్త సెన్సరు కొనాలి. కింది వరుస అంతా దాని కోసమే.

ఇది 2013 తర్వాత వచ్చిన, ఓబీడీ2 పోర్టు (స్కానర్ కలిపే సాకెట్) ఉన్న పెట్రోలు కార్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. వారంటీ ఉన్న కారైతే మీరు చేయి పెట్టకుండా సర్వీసు సెంటరుకే తీసుకెళ్లండి.

## 1. ముందు తేల్చుకోవలసింది: నడపవచ్చా, ఆపాలా

లైటు నిలకడగా వెలుగుతూ, ఇంజిన్ మామూలుగా నడుస్తూ ఉంటే నెమ్మదిగా ఇంటికి చేరుకోవచ్చు. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే ఏదో ఒక సిలిండర్ లోపల పెట్రోలు సరిగా మండక తీవ్రంగా మిస్‌ఫైర్ అవుతోందని అర్థం. అలాంటప్పుడు కాలని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోకి వెళ్లి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. దాని ఖర్చు ఏ సెన్సరు ఖర్చుకూ పొంతన లేనంత పెద్దది. పక్కకు తీసి ఆపేయండి.

టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతున్నా, ఆయిల్ లైటు వెలిగినా అది సెన్సరు లోపమేమో అనుకుంటూ ముందుకు నడపకూడదు. సెన్సరు సంగతి ఆ తర్వాత తేల్చవచ్చు.

## 2. దగ్గర ఉంచుకోవలసినవి

బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొన్నా ఫర్వాలేదు.

- లైవ్ డేటా (సెన్సర్లు ఆ క్షణంలో చెబుతున్న విలువలు), ఫ్రీజ్ ఫ్రేమ్ (కింద మూడో అంశంలో వివరం ఉంది) రెండూ చూపించగల ఓబీడీ2 స్కానర్, లేదా ఫోనుకు కలిసే బ్లూటూత్ అడాప్టర్
- డిజిటల్ మల్టీమీటర్ (బల్బు టెస్టర్ పనికిరాదు, అది లాగే కరెంటు ఈసీయూ సర్క్యూట్‌కు ప్రమాదం)
- కనెక్టరు వెనక నుంచి వైరు పక్కగా దూర్చగల సన్నని పిన్నులు
- ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే
- 10 మిల్లీమీటర్ల సాకెట్, టార్చిలైటు, చేతి తొడుగులు
- మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్, కనీసం ఆ సెన్సరు కనెక్టరులో ఏ పిన్ను దేనికో చెప్పే పేజీ
- ఒక కాగితం, ఒక పెన్ను

మరీ చవక అడాప్టర్లు కొన్ని కోడ్లు చదువుతాయి గాని లైవ్ డేటా సరిగా ఇవ్వవు. కొనేముందు ఆ సంగతి కనుక్కోండి. పని అయ్యాక అడాప్టర్‌ను పోర్టులో వదిలేయవద్దు. ఆ పోర్టులోని పదహారో పిన్నుకు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది కనుక, నాలుగు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ దిగిపోయే అవకాశం ఉంది.

జాగ్రత్తలు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తెరవకండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా కనెక్టర్లు పీకకండి. కింద కొన్ని పరీక్షలకు పీకిన కనెక్టరు మీద కొలతలు తీసుకోవాలి, వాటికి కూడా ముందు ఇగ్నిషన్ ఆపి, పీకి, తర్వాతే ఆన్ చేయాలి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, నారింజ రంగు కేబుళ్లు హైబ్రిడ్ కార్లలో హై వోల్టేజివి. ఆ రెండింటి జోలికి అసలు వెళ్లవద్దు.

## 3. కోడ్ చదవడం, చెరపకముందే రాసుకోవడం

ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్కానర్ కలపండి. స్టోర్డ్ కోడ్లు, పెండింగ్ కోడ్లు (కనిపించినా ఇంకా ఖాయం కానివి), ఫ్రీజ్ ఫ్రేమ్ మూడూ రాసుకోండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో ఈసీయూ దాచిపెట్టిన వివరం: ఆర్‌పీఎం ఎంత, వేగం ఎంత, కూలెంట్ ఎంత వేడి, లోడు ఎంత. కోడ్ చెరిపితే ఇది కూడా పోతుంది. షెడ్డుల్లో చాలామంది ముందు చెరిపేసి, మళ్లీ వస్తే చూద్దాం అంటారు. ఇంజిన్ వేడెక్కాక వచ్చిన లోపమా, చల్లగా ఉన్నప్పుడు వచ్చిందా అని చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్ష్యం అలా చేతులారా పోతుంది.

తర్వాత కోడ్ ఏ రకానిదో చూడండి. సెన్సరు కోడ్లు ఎక్కువగా మూడు రకాలు.

లో ఇన్‌పుట్, హై ఇన్‌పుట్ కోడ్లు. సంకేతం వోల్టేజి ఉండవలసిన హద్దు కంటే కిందికో పైకో పోయింది. ఇవి ఎక్కువగా వైరు తెగడం, షార్ట్ కావడం, కనెక్టరు ఊడటం వంటి విద్యుత్ లోపాలు. కూలెంట్ టెంపరేచర్ సెన్సరుకు పీ0117 లో, పీ0118 హై.

రేంజ్, పెర్ఫార్మెన్స్ కోడ్లు. వోల్టేజి హద్దుల్లోనే ఉంది, కాని చెబుతున్న విలువ మిగతా సెన్సర్లు చెప్పేదానితో పొసగడం లేదు. ఎయిర్‌ఫ్లో సెన్సరుకు (ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచేది) వచ్చే పీ0101 ఇలాంటిది. మురికి, గాలి లీకు, నెమ్మదించిన సెన్సరు ఇక్కడ అనుమానితులు.

ఫలితాన్ని చెప్పే కోడ్లు. పీ0171 వస్తే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని, పీ0420 వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితనం తగ్గిందని ఈసీయూ అంటోంది. ఈ రెండింటినీ చూసి ఆక్సిజన్ సెన్సరు మార్చేవారికి లెక్క లేదు. జ్వరం చూపించిన థర్మామీటరును పారేసి కొత్తది కొన్నంత మాత్రాన జ్వరం తగ్గదు కదా.

ఒకేసారి నాలుగైదు సెన్సర్ల కోడ్లు వస్తే నాలుగైదు సెన్సర్లు పోయాయని అనుకోకండి. ఈసీయూ పలు సెన్సర్లకు ఒకే 5 వోల్టుల లైను నుంచి సరఫరా ఇస్తుంది. ఆ లైనులో ఒక సెన్సరు లోపల షార్ట్ అయితే మిగతావన్నీ కలిసి అబద్ధాలు చెబుతాయి. ఆ సరఫరా లైనులో లోపమని చెప్పే పీ0641 కూడా కనిపిస్తే అనుమానం ఇటువైపే పెట్టుకోవాలి. ఆ లైను మీదున్న సెన్సర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా పీకుతూ, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో చూస్తే దొంగ దొరుకుతాడు. ఏ కనెక్టరు పీకినా రాకపోతే లోపం వైరింగ్‌లోనో ఈసీయూలోనో ఉంది.

## 4. బ్యాటరీ, ఎర్త్

ఈ అడుగును దాటేసి ముందుకు పోయేవాళ్లే ఎక్కువ. చేయడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

- రాత్రంతా ఆపి ఉంచిన కారులో బ్యాటరీ వోల్టేజి 12.6 దగ్గర ఉండాలి. 12.2 కన్నా తక్కువైతే ముందు చార్జ్ చేయండి.
- సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు.
- ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లు చార్జింగ్‌ను కావాలనే తగ్గిస్తాయి కనుక హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూడండి.
- ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఉండగా, మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, రెండోదాన్ని ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించండి. 0.1 వోల్టుకు మించి చూపితే ఎర్త్ పట్టీ బిగింపు, తుప్పు చూడాలి.

ఎర్త్ బలహీనంగా ఉంటే ప్రతి సెన్సరు విలువా కొంచెం కొంచెం పక్కకు జరుగుతుంది. ఆ స్థితిలో మిగతా కొలతలు తీసుకుని లాభం లేదు.

## 5. కంటితో, చేత్తో చూడటం

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ పార్కింగులో రోజుల తరబడి నిలిచిన కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం ఈ ఊళ్లో మామూలు విషయం. బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు పెట్టె పక్కన, ఇంజిన్ వెనక గోడ దగ్గర టార్చి వేసి చూడండి. ఎలుక పెంటికలు, నమిలిన స్పాంజి ముక్కలు కనబడితే ఆ చుట్టుపక్కల హార్నెస్ (వైర్ల కట్ట) పై తొడుగును వేళ్లతో తడుముతూ పోండి. సగం కొరికిన వైరు పైకి బాగానే కనిపిస్తుంది, వంచినప్పుడే లోపలి రాగి మెరుస్తుంది.

వాన నీళ్లు నిలిచిన అండర్‌పాసులో నుంచి వచ్చాకో, వాటర్ సర్వీసులో ఇంజిన్ మీదకు ప్రెజర్ గన్ పెట్టించాకో లైటు వెలిగితే, సెన్సరు కొనే ఆలోచన పక్కన పెట్టి ముందు కనెక్టర్లు ఆరబెట్టండి.

కనెక్టరు పరీక్ష ఇలా చేయాలి. ఇగ్నిషన్ ఆపి, లాకు నొక్కి, వైర్లు పట్టుకుని కాకుండా ప్లాస్టిక్ పట్టుకుని లాగండి. లోపల పచ్చటి చిలుము ఉందా, ఒక పిన్ను మిగతావాటికంటే వెనక్కి జరిగి ఉందా, చుట్టూ ఉండవలసిన రబ్బరు సీలు ఉందా అని చూడండి. చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. ఉప్పు కాగితం పెట్టి రుద్దితే పిన్ను మీది పూత పోయి నెల తిరిగేసరికి మళ్లీ చిలుము పడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు టక్కుమన్న శబ్దం వినబడాలి. లాకు విరిగితే టేపుతో సరిపెట్టకుండా కొత్త కనెక్టరు వేయించాలి.

లైటు వెలగడానికి కొద్దిరోజుల ముందు సర్వీసు జరిగి ఉంటే ఎయిర్ ఫిల్టరు పెట్టె క్లిప్పులు, ఇంటేక్ గొట్టం క్లాంపు, సన్నని వాక్యూమ్ పైపులు తప్పక చూడండి. పీ0171కు కారణం చాలాసార్లు ఇక్కడే, రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతుంది.

## 6. లైవ్ డేటా చూడటం, బెంగళూరు లెక్కతో

ఉదయం, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద మొదలుపెట్టండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా ఈ విలువలు రాసుకోండి.

కూలెంట్, ఇంటేక్ గాలి ఉష్ణోగ్రతలు. రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి మూడు నాలుగు డిగ్రీల తేడాలో ఉండాలి. బయట 21 ఉండగా ఒకటి 22, ఇంకొకటి 38 చూపిస్తే 38 చెప్పినదే అనుమానితం. మైనస్ 40 చూపిస్తే సర్క్యూట్ తెగి ఉంది.

మ్యానిఫోల్డ్ ప్రెజర్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోని పీడనం). ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఈ సెన్సరు బయటి గాలి పీడనాన్నే చూపాలి. అది ఊరిని బట్టి మారుతుంది. సముద్రమట్టంలో ఉన్న చెన్నైలో సుమారు 101 కిలోపాస్కల్ ఉండాలి, 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న బెంగళూరులో 90, 91 దగ్గర ఉండాలి. వంద చూపాలని ఎక్కడో విని, ఇక్కడ 90 చూపుతున్న మంచి సెన్సరును మార్చేసినవారున్నారు. నిజానికి బెంగళూరులో నిలబడి 101 చూపుతున్న సెన్సరునే అనుమానించాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వాతావరణ యాప్‌లో బెంగళూరు పీడనం 1010 హెక్టోపాస్కల్ అని కనిపిస్తుంది, అంటే 101 కిలోపాస్కల్. అది సముద్రమట్టానికి సరిచేసి చెప్పిన అంకె, మన వీధిలో ఉన్న పీడనం కాదు. మీ ఫోనులో బారోమీటర్ ఉంటే దాని ముడి విలువతో పోల్చండి, దాదాపు 910 హెక్టోపాస్కల్ వస్తుంది. పాతకాలపు వాక్యూమ్ గేజి వాడే మెకానిక్కు కూడా ఇక్కడ రీడింగు చెన్నైకన్నా తక్కువే వస్తుంది. అది ఇంజిన్ లోపం కాదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కాక, ఏసీ ఆపి, యాక్సిలరేటర్ నొక్కకుండా ఐడిల్‌లో చూడండి.

- మ్యానిఫోల్డ్ ప్రెజర్: సుమారు 30 నుంచి 40 కిలోపాస్కల్
- కూలెంట్: ఆగకుండా ఎక్కి, మోడల్‌ను బట్టి 80 నుంచి 100 డిగ్రీల మధ్య నిలవాలి. 70 దగ్గరే తచ్చాడుతుంటే తప్పు సెన్సరుది కాదు, తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయిన థర్మోస్టాట్‌ది (కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే కవాటం) కావచ్చు. పీ0128 చెప్పేది కూడా అదే.
- ఎయిర్‌ఫ్లో సెన్సరు ఉన్న కారైతే: 1.2 లీటర్ల ఇంజిన్‌కు సెకనుకు 2 గ్రాముల ప్రాంతంలో
- షార్ట్, లాంగ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేవి): రెండూ కూడితే ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు

ఫ్యూయల్ ట్రిమ్‌ను చదవడం వస్తే సగం పని అయినట్టే. ఐడిల్‌లో ప్లస్ 20 దాకా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే మామూలుకు వచ్చిందంటే ఇంటేక్‌లో గాలి లీకు ఉంది. ఐడిల్‌లో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడూ వేగంలోనూ ప్లస్ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టరు లేదా మురికిపట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సరు వైపు చూడాలి. సీఎన్‌జీ కిట్ ఉన్న కారులో ఈ పరీక్షలన్నీ పెట్రోలు మీదే చేయండి, గ్యాసు మీద వచ్చిన ట్రిమ్ విలువలు మిమ్మల్ని దారి తప్పిస్తాయి.

## 7. మల్టీమీటరుతో మూడు ప్రశ్నలు

మూడు వైర్ల సెన్సరు ఏదైనా అడగవలసిన ప్రశ్నలు మూడే: సరఫరా వస్తోందా, ఎర్త్ ఉందా, సంకేతం మారుతోందా.

1. కనెక్టరు పీకి, ఇగ్నిషన్ ఆన్ చేసి, హార్నెస్ వైపు సరఫరా పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. చాలా సెన్సర్లకు 5 వోల్టులు, కొన్ని హాల్ సెన్సర్లకు (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే రకం), ఎయిర్‌ఫ్లో సెన్సర్లకు 12 వోల్టులు రావాలి.
2. కనెక్టరు తిరిగి పెట్టి, ఎర్త్ వైరుకు వెనక నుంచి పిన్ను దూర్చి, ఇగ్నిషన్ ఆన్‌లో బ్యాటరీ నెగటివ్‌తో కొలవండి. 0.1 వోల్టు లోపే ఉండాలి.
3. సంకేతం వైరు మీద వోల్టేజి చూస్తూ సెన్సరు కొలిచే దాన్ని మార్చండి. యాక్సిలరేటర్ నొక్కుతుంటే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే రేకు) విలువ తడబడకుండా సాఫీగా మారాలి.

మొదటి రెండూ సరిగా ఉండి మూడోది తప్పితేనే సెన్సరు మీద నేరం మోపాలి. వైరు పై తొడుగును సూదితో పొడిచి కొలవకండి. ఆ రంధ్రంలోంచి వానాకాలం తేమ పోయి, లేని లోపం కొత్తగా పుడుతుంది. ముందు వైపు నుంచి మీటరు లావుపాటి కొసను పిన్నులోకి నెట్టినా పిన్ను వదులై అదే గతి పడుతుంది.

అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపానికి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా లైవ్ డేటా గ్రాఫు చూస్తూ హార్నెస్‌ను జానెడు జానెడు చొప్పున మెల్లగా కదపండి. బెల్టుకూ ఫ్యానుకూ చేతులు దూరంగా ఉండాలి. గ్రాఫు ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ వెతకాలి.

### రెండు వైర్ల టెంపరేచర్ సెన్సరు పరీక్ష

దీన్ని వివరంగా చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే రెండు నిమిషాల్లో సెన్సరునూ వైరింగ్‌నూ విడదీసి చూపే పరీక్ష ఇది. స్కానర్‌లో కూలెంట్ మైనస్ 40 చూపుతోందనుకుందాం.

ఇగ్నిషన్ ఆపి, కనెక్టరు పీకి, మళ్లీ ఆన్ చేసి, హార్నెస్ వైపు రెండు పిన్నుల మధ్య వోల్టేజి కొలవండి. 5 వోల్టులు రావాలి. ఇప్పుడు సన్నని వైరు ముక్కతో ఆ రెండు పిన్నులను కలిపి స్కానర్ చూడండి. అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా 120కి పైకి ఎగిరితే ఈసీయూ, వైరింగ్ రెండూ బాగున్నాయి, తప్పు సెన్సరుదే. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉండిపోతే సెన్సరుకు సంబంధం లేదు, వైరు ఎక్కడో తెగింది, లేదా లోపం ఈసీయూలో ఉంది.

కనెక్టరు పీకగానే రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగవచ్చు, వేళ్లు జాగ్రత్త. ఇలా పిన్నులు కలపడం రెండు వైర్ల టెంపరేచర్ సెన్సరుకే చెల్లుతుంది. మూడు వైర్ల సెన్సరులో చేస్తే 5 వోల్టుల లైను మొత్తం కూలిపోతుంది.

సెన్సరును విడిగా కొలిస్తే గది ఉష్ణోగ్రతలో ఎక్కువ కార్లలో 2 నుంచి 3 కిలోఓమ్‌లు, మరిగే నీళ్లకు దగ్గరైతే 200 ఓమ్‌ల ప్రాంతం చూపాలి. వేడితో పాటు ఓమ్‌లు ఎక్కడా ఆగకుండా తగ్గుతూ రావాలి.

## 8. ఎక్కువగా ఇబ్బంది పెట్టే సెన్సర్లు

క్రాంక్ సెన్సరు (ఇంజిన్ తిరుగుడును ఈసీయూకు చెప్పేది). సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ముప్పావు గంట ఇరుక్కున్నాక కారు టప్పున ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది గాని ఇంజిన్ అందుకోదు. అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. వేడికి లోపలి తీగచుట్టలో సన్నని తెగుడు విచ్చుకుని, చల్లారాక మళ్లీ కలిసే క్రాంక్ సెన్సరు లక్షణం ఇది. లైటు కూడా వెలగకపోవచ్చు.

దీన్ని షెడ్డులో చల్లారిన కారు మీద పట్టుకోలేరు. కారు ఆగిపోయిన చోటే, ఆగిపోయినప్పుడే పరీక్షించాలి. స్కానర్ కలిపి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. 150 నుంచి 300 మధ్య చూపుతుంటే క్రాంక్ సెన్సరు పనిచేస్తున్నట్టే, పెట్రోలు పంపు వైపు వెతకండి. సున్నా చూపిస్తే పీ0335 లేకపోయినా సెన్సరు లేదా దాని వైరే. అందుకే ఈ అనుమానం ఉన్న కారులో అడాప్టర్‌ను గ్లోవ్ బాక్సులో పెట్టుకుని తిరగాలి.

లోపల తీగచుట్ట ఉన్న, రెండు వైర్ల ఇండక్టివ్ రకమైతే చల్లగా, వేడిగా ఉన్నప్పుడు ఓమ్‌లు కొలవండి. ఎక్కువ మోడళ్లలో 200 నుంచి 1500 మధ్య ఉంటుంది. వేడిలో మీటరు అనంతం చూపిస్తే కథ ముగిసింది. మూడు వైర్ల హాల్ రకాన్ని ఓమ్‌లలో కొలవకూడదు, దానికి సరఫరా, ఎర్త్, సంకేతం పరీక్షలే. సెన్సరు తీసినప్పుడు కొసకు అంటుకున్న ఇనుప రజను తుడవండి, టార్చి వేసి ఆ సెన్సరు చదివే పళ్ల చక్రంలో విరిగిన పన్ను ఉందేమో చూడండి.

ఆక్సిజన్ సెన్సరు. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందుండే మామూలు రకం సెన్సరు, ఇంజిన్ వేడెక్కాక 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే క్యాటలిటిక్ కన్వర్టర్ బలహీనపడింది. చాలా కొత్త కార్లలో ముందు వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది, దానికి ఈ ఊగుడు వర్తించదు. పీ0135 వంటి హీటర్ కోడ్‌కు ముందు ఫ్యూజు చూడండి, తర్వాత హీటర్ వైర్ల మధ్య ఓమ్‌లు కొలవండి. కొద్ది ఓమ్‌ల నుంచి పదిహేను దాకా ఉంటే హీటర్ బతికే ఉంది. సెన్సరుకు ముందు సైలెన్సర్ గొట్టంలో చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి లాగబడి, పెట్రోలు తక్కువైందన్న తప్పుడు రీడింగు వస్తుంది.

ఎయిర్‌ఫ్లో సెన్సరు. మార్చేముందు శుభ్రం చేయండి. దానికోసమే అమ్మే స్ప్రే తప్ప కార్బ్యురేటర్ క్లీనర్ గాని, బ్రేక్ క్లీనర్ గాని, గుడ్డ గాని తగలకూడదు. పూర్తిగా ఆరాకే బిగించాలి.

థ్రాటిల్. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును ఇగ్నిషన్ ఆన్‌లో వేలితో నెట్టవద్దు, వేలు నలిగిపోతుంది. శుభ్రం చేశాక చాలా కార్లకు ఐడిల్ రీలెర్న్ (కొత్త స్థితిని ఈసీయూకు మళ్లీ నేర్పడం) అవసరం.

నాక్ సెన్సరు (ఇంజిన్‌లో అదుపు తప్పి మండినప్పుడు వచ్చే కంపనాన్ని పసిగట్టేది). దీనికి బిగింపు బలమే ప్రాణం. వాషరు అదనంగా వేసినా, టార్క్ రెంచి లేకుండా బిగించినా కొత్తదీ తప్పే చెబుతుంది.

డీజిల్ కార్లలో రైల్ ప్రెజర్ సెన్సరును ఇంట్లో విప్పకండి. ఆ రైలులో పీడనం వెయ్యి బార్ దాటుతుంది, సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

## 9. కొనడం, బిగించడం

స్పేర్ పార్టుల దుకాణాలుండే జేసీ రోడ్డులో అడిగిన ప్రతి సెన్సరూ దొరుకుతుంది, నకిలీ కూడా అదే వీధిలో అదే పెట్టెలో దొరుకుతుంది. పాత సెన్సరు వెంట తీసుకెళ్లి ఈ నాలుగు సరిచూసుకోండి.

- సెన్సరు ఒంటి మీద అచ్చైన పార్ట్ నంబరు (పెట్టె మీది అంకె చాలదు)
- కనెక్టరు ఆకారం, లోపలి గాడి, పిన్నుల సంఖ్య
- బోల్టు రంధ్రం నుంచి కొస దాకా పొడవు
- జీఎస్‌టీ బిల్లు, వాపసు తీసుకునే షరతు

నంబరు చెరిగిపోతే కంపెనీ పార్ట్స్ కౌంటరులో ఛాసిస్ నంబరు చెప్పండి, సరైన అంకె వస్తుంది. క్రాంక్, క్యామ్ సెన్సర్ల దగ్గర మాత్రం చవకకు పోవద్దని నా గట్టి సలహా. ఆదా అయ్యేది వెయ్యో రెండు వేలో, నడిరోడ్డు మీద ఆగేది కారు.

బిగించే ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. ఓ రింగుకు చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి చేత్తో లోపలికి నొక్కండి, బోల్టుతో లాగి కూర్చోబెడితే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది. ఆక్సిజన్ సెన్సరుకు మరలకు పూసే పేస్టు కొసకు తగలకూడదు. చాలా కొత్త సెన్సర్లకు అది ముందే పూసి వస్తుంది. కూలెంట్ సెన్సరు మార్చాక కారిన కూలెంట్ నింపి, గాలి బుడగలు పోయేదాకా చూసుకోవాలి. కుళాయి నీళ్లు పోయకండి.

## 10. చెరిపి, నడిపి, నిర్ధారించుకోవడం

ఇప్పుడు కోడ్ చెరపవచ్చు. చెరిపిన వెంటనే లైటు ఆరడం ఏమీ నిరూపించదు. ఈసీయూ తన స్వీయ పరీక్షలు పూర్తి చేసుకునేదాకా నడపాలి, వాటి స్థితి స్కానర్‌లో రెడీనెస్ అన్న చోట కనిపిస్తుంది.

- రాత్రంతా చల్లారిన ఇంజిన్‌తో మొదలుపెట్టండి.
- రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి.
- 60 నుంచి 80 వేగంలో పదిహేను నిమిషాలు నిలకడగా నడపండి.
- మధ్యలో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గనివ్వండి.

ఔటర్ రింగ్ రోడ్డులో పగటి పూట ఇది జరిగే పని కాదు. ఆదివారం తెల్లవారుజామున నైస్ రోడ్డో తుమకూరు రోడ్డో ఎంచుకోండి. తిరిగొచ్చాక పెండింగ్ కోడ్లు చూడండి, అక్కడ అదే అంకె మళ్లీ కనిపిస్తే లైటు వెలగకపోయినా పని పూర్తికాలేదు.

## 11. ఇరుక్కుపోయే చోట్లు

కొత్త సెన్సరుకు కూడా అదే కోడ్. ఏడో అంశం మొదటి నుంచి మళ్లీ చేయండి, ముఖ్యంగా ఎర్త్ పరీక్ష. పాత సెన్సరు తిరిగి పెట్టినా రీడింగు మారకపోతే లోపం హార్నెస్‌లో ఉంది.

పాత కోడ్ పోయి కొత్తది వచ్చింది. పనిచేసిన చోట పక్క కనెక్టరు ఊడి ఉంటుంది, లేదా వాక్యూమ్ పైపు జారి ఉంటుంది.

వాన పడినప్పుడే వస్తుంది. ఆ సెన్సరు కనెక్టరు సీలు, హార్నెస్ వంపులో పగుళ్లు చూడండి. పగిలిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా సోల్డరు చేసి హీట్ ష్రింక్ గొట్టం వేయించండి.

పాత కారు సెన్సరు తెచ్చి మార్చి చూడటం. ఒకే మోడల్, ఒకే పార్ట్ నంబరు అయితేనే దీనికి విలువ.

## 12. షెడ్డుకు ఇవ్వవలసి వస్తే

ఈసీయూ మీద అనుమానం వచ్చినా, ఓసిలోస్కోప్ (సంకేతాన్ని గీతగా గీసి చూపే పరికరం) కావలసి వచ్చినా, డ్యాష్‌బోర్డు వెనక హార్నెస్ విప్పవలసి వచ్చినా ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడం మేలు. ఆ మనిషితో మీరు కన్నడంలో మాట్లాడినా తెలుగులో మాట్లాడినా, చేతికి ఒక కాగితం ఇవ్వండి. అందులో ఇవి ఉండాలి.

- కోడ్, అది స్టోర్డా పెండింగా
- ఫ్రీజ్ ఫ్రేమ్ విలువలు
- చల్లటి ఇంజిన్ మీద కూలెంట్, గాలి, మ్యానిఫోల్డ్ ప్రెజర్ రీడింగులు
- సరఫరా, ఎర్త్, సంకేతం మూడు కొలతలు
- లోపం ఎప్పుడు వస్తుందో ఒక్క వాక్యంలో: వేడిలో, వానలో, ఎత్తు ఎక్కేటప్పుడు

కోడ్ చెరపవద్దని పైన పెద్ద అక్షరాలతో రాయండి. ఏ భాగం మార్చినా పాతది తిరిగి ఇవ్వాలని పని అప్పగించేటప్పుడే చెప్పి, బండి తీసుకునేటప్పుడు దాని మీది నంబరును బిల్లులోని నంబరుతో సరిచూసుకోండి.